అతికించని ముక్క

మా నాన్నగారు నేర్పినవాటిలో నా దగ్గర మిగిలింది కూర్చునే తీరు ఒక్కటే. కుర్చీ వీపుకి మన వీపు ఆనకూడదనేవారు ఆయన. సినిమా హాలు పోయింది, ఇల్లు పోయింది, జీడితోట పోయింది. చోడవరంలోనే, మాడుగుల రోడ్డులో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుని ఉంటున్నాను. ఇప్పటికీ కుర్చీకి ఆనను. ఇస్త్రీ లేని పంచె కట్టి మెట్లు దిగను.

పోయిన చలికాలం ఒక ఉదయం, గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టర్లతో రోడ్డు మోగిపోతున్న వేళ, ఇద్దరు మనుషులు మెట్లెక్కి వచ్చారు. ఒకతనికి యాభై దాటి ఉంటాయి. బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్ల కొట్టు అతనిది. ఒక పాత సినిమా హీరోకి చిన్నప్పటినుంచీ వీరాభిమాని. పుట్టినరోజుకి పాలాభిషేకాలు, అన్నదానాలు అన్నీ అతని చేతి మీదుగానే జరుగుతాయి. అతని తండ్రి మా పొలాల్లో పనిచేసినవాడు. రెండో మనిషి ముప్పై ఏళ్ళ అమ్మాయి. రోలుగుంట నుంచి రోజూ స్కూటీ మీద వచ్చి ఇక్కడి ఫోటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు, చర్చి పండగల వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. ఆమె చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. అతను చెప్పినా కూర్చోలేదు.

"పర్లేదు బాబూ," అని గోడకి చేరబడ్డాడు. చెప్పులు మెట్ల కిందే, వీధిలో విడిచి వచ్చాడు. అది నా ఇల్లు కాదని, నేనూ అద్దెకే ఉంటున్నానని అతనికి తెలుసు.

"మా హీరోగారిది పాత బొమ్మ ఒకటుంది కద బాబూ, జమీందారు బంగళాలోకి సెప్పుల్తో నడిసెల్లిపోతాడు," అని మొదలుపెట్టాడు.

ఏ సినిమానో నాకు ఆ మాటతోనే తెలిసింది.

మిగిలింది ఆ అమ్మాయి చెప్పింది. ఆ సినిమాని వాళ్ళు మళ్ళీ ఎడిట్ చేస్తున్నారట. పాటలు తగ్గించి, వెలిసిన రంగులు సరిచేసి, ముక్కలు పోయిన చోట కొత్తగా తీసి కలుపుతారట. "అమ్మడానికి కాదండి. ఫ్యాన్స్ సూసుకోడానికే," అంది. ఇప్పుడు చాలా ఊళ్ళలో చాలామంది ఇలా తమ హీరోల సినిమాలని తమకి నచ్చినట్టు మళ్ళీ కట్టుకుంటున్నారట.

లాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టింది. హీరో బంగళా గేటు దగ్గరకి వస్తాడు. ఆ రోజుల రివాజు ప్రకారం చెప్పులు విడుస్తాడు. టప్పుమని ఒక చప్పుడు, బొమ్మ ఒక్క అదురు అదిరింది. హీరో లోపల వాకిట్లో నడుస్తున్నాడు. కాళ్ళకి చెప్పులున్నాయి. అరుగు మీది జమీందారు వాటిని చూసి కళ్ళెర్ర చేస్తున్నాడు.

"సూసేరా? మద్దిలో ఏదో పోయింది," అంది.

"నలభై ఏళ్ళనుంచీ అవతలి హీరో ఫ్యాన్సు దెప్పుతానే ఉన్నారు బాబూ," అన్నాడతను. "మీవోడికి గేటుకాడ సెప్పులు మొలిసేయేట్రా అంటారు. ఏటని సెప్తాం?"

ఆ అమ్మాయి బొమ్మని ముందుకి జరిపింది. రీలు అయిపోయే ముందు తెర మూల ఒక గుర్తు పడి మాయమైంది. సూదితో గీసిన చిన్న త్రిశూలం. రీలు మార్చే వేళ ఆపరేటరుకి తెలియడం కోసం గీసుకునే గుర్తు అది. ఒక్కో హాల్లో ఒక్కోలా ఉంటుంది.

"ఇది మన హాలు గుర్తే బాబూ. నేల క్లాసులో ముందు వరసలో కూకుని సూసినోడిని, నాకు తెలీదేటి? ఇప్పుడు దొరికే కాపీలన్నీ ఈ ఒక్క ప్రింటులోంచే వచ్చేయంట. అంటే మన సోడవరంలో ఆడిన ప్రింటే ఇది. ఆ ముక్క ఏటయిందో మీకేమైనా తెలుస్తాదేమో అని వచ్చేం."

"నాకు తెలీదు," అన్నాను.

అతను నొచ్చుకోలేదు. తెలీకపోయినా ఫరవాలేదని, ఆ ముక్క ఎలా తియ్యాలో తానే ఆలోచించుకున్నానని చెప్పి, ఉత్సాహంగా నా గది మధ్యలోకి వచ్చాడు. "మావోడు విడిసిన సెప్పుని బొటనేల్తో ఇలాగ ఎగరేస్తాడు. గాల్లోనే తొడుక్కుంటాడు. ఎనకాతల దుమ్ము లెగుస్తాది. స్లో మోషను." వట్టి కాలితో గాలిలోకి తన్ని చూపించాడు.

నేను ఊరుకుని ఉండవలసింది. "అలా కాదు," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"హీరో తనంతట తాను తొడుక్కోలేదు. గేటు దగ్గర పనివాడు వంగి, ఆ చెప్పులు తీసి ఆయన కాళ్ళ ముందు పెట్టాడు. తొడుక్కోండి బాబూ, రాళ్ళు కాలతన్నాయి అన్నాడు."

"మీరు సూసేరా?" అంది ఆ అమ్మాయి.

"చూశాను. ఆ వేషం వేసింది మా అన్నయ్య."

ముక్క ఏమైందని అడిగింది. ప్రింటు వచ్చాక కంపెనీవాళ్ళు తీసెయ్యమని కబురు పెట్టారన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు కూడా నా వీపు నిటారుగానే ఉంది.

మా అన్నయ్య నాకంటే మూడేళ్ళు పెద్ద. ఎవరి నడకైనా ఒక్కసారి చూస్తే చాలు, దించేసేవాడు. నాన్నగారి నడక నడిచి చూపిస్తే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఆ సినిమావాళ్ళు మాడుగుల దారిలో ఒక బంగళాలో షూటింగ్ పెట్టుకున్నారు. ముందు మా ఇల్లే అడిగారు. నాన్నగారు వాళ్ళకి కాఫీలిచ్చి, అడిగినదానికి జవాబివ్వకుండా పంపించేశారు. అన్నయ్య మాత్రం రోజూ సైకిలు తొక్కుకుని అక్కడికి వెళ్ళేవాడు. వారం తిరిగేసరికి చిన్న వేషం దొరికింది.

వేషం వేసిన రోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చి, నన్ను పెరట్లో హీరోగా నిలబెట్టి, మొత్తం చేసి చూపించాడు. డైరెక్టరు అతన్ని చెయ్యమన్నది లోపలికి వెళ్ళమన్నట్టు తల ఊపడం మాత్రమే. "అంతేనా అనిపించిందిరా," అన్నాడు. "ఆయన చెప్పులు విడిచేడు. కింద గులకరాళ్ళు. మన గేటు దగ్గర ఎంతమంది కాళ్ళు కాల్చుకోవడం చూసేం మనం. నాకు తెలీకుండానే వంగేను. మాట కూడా నోటికి అదే వచ్చింది. ఆపమంటారనుకున్నాను. ఆపలేదు. అయిపోయాక డైరెక్టరు వచ్చి భుజం మీద చెయ్యి వేసేడు." తన భుజం తానే ముట్టుకుని చూపించాడు. నాన్నగారికి చెప్పవద్దన్నాడు. నేను చెప్పలేదు.

మా హాల్లో ఒక పద్ధతుండేది. కొత్త సినిమా పెట్టె బస్సు మీద రాగానే, విడుదలకి ముందు నాన్నగారు ఒక్కరే బాల్కనీలో కూర్చుని చూసేవారు. పల్లెలకి వెళ్ళే చివరి బస్సు వెళ్ళేలోగా ఆట ముగియాలంటే ఏ పాటలో ఎంత తీసెయ్యాలో ఆయనే చెప్పేవారు. తీసిన ముక్కలన్నీ ఒక డబ్బాలో దాచి, ఆఖరి ఆట అయ్యాక తిరిగి అతికించి ప్రింటు పంపించడం మా ఆపరేటరు పని. అప్పటికి హాలు వ్యవహారం నేను చూస్తున్నాను. ఆ రోజు ఆయన వెనక నిలబడి ఉన్నాను.

రెండో రీలులో అన్నయ్య వచ్చాడు. నాన్నగారు కదల్లేదు. ఆట అయ్యాక పాటల సంగతి చెప్పి, "రెండో రీల్లో గేటు దగ్గరి ముక్క కూడా తీసెయ్," అన్నారు.

"అది చిన్నది కదా నాన్నగారూ. బస్సుకి దానివల్ల..."

"బస్సు గురించి కాదు నేను చెప్పేది. మన గేటు దగ్గర చెప్పులు విడిచి వచ్చేవాళ్ళంతా రేపు నేలలో కూర్చుంటారు. వాళ్ళ ముందు నా కొడుకు ఎవడివో చెప్పులు పట్టుకుంటాడా?" లేచి నిలబడి, "తీసి కాల్చెయ్," అన్నారు.

ఆపరేటరు బ్లేడు నా చేతికి ఇచ్చేశాడు. "పెదబాబు బొమ్మ నేను కొయ్యలేను సినబాబూ. కావాలంటే మీరు కొయ్యండి," అన్నాడు. నేనే కోశాను. రెండు కొసలూ గీకి, ఫిల్ము అతికించే సిమెంటు రాసి, నొక్కి పట్టుకున్నాను. కోసిన ముక్క ఆరు బారలుంది. చేతికి చుట్టి జేబులో పెట్టుకున్నాను. మర్నాడు అన్నయ్య వస్తాడని నాకు తెలుసు. నాన్నగారి మాట కాదనే వయసు రాలేదనుకున్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు.

మార్నింగ్ షోకి అన్నయ్య స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చాడు. బాల్కనీకి రమ్మంటే రాలేదు. నేల క్లాసులో, జనం మధ్య కూర్చున్నాడు. నేను ప్రొజెక్టరు గది కన్నంలోంచి అతని తల వెనక భాగం చూస్తూ నిలబడ్డాను. హీరో గేటు దగ్గరకి వచ్చాడు. అన్నయ్య పక్కవాడి భుజం పట్టుకున్నాడు. టప్పుమంది. హీరో వాకిట్లో నడుస్తున్నాడు. అన్నయ్య చెయ్యి ఆ భుజం మీద అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి తీసుకున్నాడు.

ఇంటర్వెల్‌లో మెట్లెక్కి నా దగ్గరకి వచ్చాడు. "కంపెనీవాళ్ళు తీసేసేరారా?" అని అడిగాడు.

"అయ్యుంటుంది," అన్నాను.

"నేను బాగా చెయ్యలేదేమో," అని నవ్వాడు. నా జేబులో చుట్ట నా తొడకి ఒత్తుకుంటోంది.

అదే రోజు అదే సినిమా అనకాపల్లిలో ఆడుతోంది. అక్కడి ప్రింటులో అన్నయ్య ఉన్నాడు. బస్సెక్కితే గంట దారి. అనకాపల్లి వెళ్ళి చూడు అన్నయ్యా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. అది చెబితే, ఇక్కడ ఎందుకు లేదో కూడా చెప్పాలి. నేను చెప్పలేదు. సిగ్గుతో అతను ఆ సినిమాని మరే ఊళ్ళోనూ చూడలేదు. నెల తిరక్కుండా ఒరిస్సాలోని జైపూరు వెళ్ళి ఒక లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు.

ఆఖరి ఆట అయిన రోజు ఆపరేటరు పాటల ముక్కలన్నీ అతికించి, "ఆ ముక్క కూడా ఇచ్చీండి బాబూ," అన్నాడు. కాల్చేశానని చెప్పాను. నాన్నగారికీ అదే చెప్పాను. కాల్చలేదు. అతికించలేదు. ఒక పౌడరు డబ్బాలో పెట్టి, ట్రంకు పెట్టె అడుగున దాచాను. అలా నాన్నగారి వైపు సగం, అన్నయ్య వైపు సగం నిలబడ్డానని అప్పట్లో నాకో సమాధానం.

పన్నెండేళ్ళ తరవాత నాన్నగారు పోతే అన్నయ్య వచ్చాడు. హాలు అప్పటికే మూతపడింది. పదో రోజు పనులయ్యాక ఇద్దరం వెళ్ళి ఆ హాలు మెట్ల మీద కూర్చున్నాం. అన్నయ్య జుట్టు ఆ వయసుకే నెరిసిపోయింది. ఎవరి నడకా నడిచి చూపించలేదు.

"ఒక సంగతి అడుగుతాను చెప్పు," అన్నాడు. "నువ్వు హాలు నడిపినవాడివి, ఇలాంటివి నీకు తెలుస్తాయి. మరీ అంత చెడ్డగా చేస్తేనే తీసేస్తారా?"

నాన్నగారి చితి చల్లారి పది రోజులు కాలేదు. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. కాపాడుకున్నది నాది. "ఎప్పటి మాటో, వదిలెయ్ అన్నయ్యా," అన్నాను. అతను వదిలేసినట్టే తల ఊపాడు.

ఎనిమిదేళ్ళ కిందట జైపూరులోనే పోయాడు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. దండ వెయ్యడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతికారట. "ఫోటో అంటే చాలు, అందరి వెనక్కీ వెళ్ళిపోయేవారు," అని వదిన చెప్పింది. గోడ మీద ఉన్నది ఏదో గుర్తింపు కార్డులోంచి పెద్దది చేయించిన బొమ్మ. అందులో అతను ఎవరో ముసలాయనలా ఉన్నాడు.

ఆ ఇద్దరూ వచ్చి వెళ్ళిన మర్నాడు నేను పౌడరు డబ్బా పట్టుకుని స్టూడియోకి వెళ్ళాను. ముక్క నా దగ్గరే ఉందని చెప్పడానికి నాకు ఒక రాత్రి పట్టింది. కంపెనీవాళ్ళు వదిలేసిందని చెప్పి ఆ అమ్మాయి ముందు పెట్టాను. సెల్‌ఫోన్ల కొట్టాయన కూడా పరుగున వచ్చాడు. మూత తుప్పు పట్టి రాలేదు. స్క్రూడ్రైవరుతో ఎత్తి తీశాడు. గదంతా ముక్కులు మండేటంత పుల్లటి ఘాటు.

చుట్ట చుట్టలా లేదు. కరిగి గట్టిపడిన బెల్లం దిమ్మలా ఉంది. ఆ అమ్మాయి చేతికి తొడుగు వేసుకుని, ఎంతో ఓపికగా పై పొర విడదీసింది. జానెడు వచ్చింది. తరవాత విరిగిపోయింది. ఆ జానెడూ తెల్లటి లైటు మీద పెట్టి చూపించింది. అంతా గులాబి రంగులోకి వెలిసిపోయింది. గేటు ఊచలు, రెండు చెప్పులు, వాటిని కింద నుంచి పట్టుకున్న రెండు చేతులు. మణికట్లు దాటాక బొమ్మ పొర ఊడి, వట్టి గాజుపలకలా ఉంది.

"మొహం రాదండి," అంది.

నలభై ఏళ్ళుగా అన్నయ్య ఆ డబ్బాలో ఉన్నాడన్న నమ్మకంతో ఉన్నాను. ఎప్పుడో ఒకనాడు తీసి ఇచ్చేస్తాను, అప్పుడు సరిపోతుంది అనుకునేవాణ్ణి. అతను పోయాక కూడా అలాగే అనుకున్నాను. డబ్బాని ఒక్కసారి తెరిచి చూసుకోలేదు.

ఫోటో ఏదైనా ఉంటే కంప్యూటర్లో ముఖం తయారుచెయ్యవచ్చని చెప్పింది. గోడ మీది ఆ ముసలి బొమ్మ గుర్తొచ్చింది. వద్దన్నాను.

"అయితే సేతులు, కాళ్ళు తీద్దాం," అని, ఆ జానెడు ఫిల్మునీ నా చేతినీ పక్కపక్కన చూసింది. "ఈ మణికట్లు మీయేనండి. అదే ఎముక."

"నాది ముసలి చెయ్యి."

"పనోడు ముసలోడైతే ఏటండి? కాదన్నదెవరు?"

మా పాత హాలు ఇప్పుడు కళ్యాణ మండపం. గేటు మాత్రం అప్పటిదే. మూఢం రోజులు కావడంతో పెళ్ళిళ్ళు లేవు. మేనేజరు ఒక పూట తీసుకోమన్నాడు. నీడలు సినిమాలో ఉన్నట్టే పడాలని ఆ అమ్మాయి మిట్టమధ్యాహ్నం పెట్టింది. గేటు ముందు గులకరాళ్ళు పోయించింది. హీరో కాళ్ళుగా నటించేది కొట్టాయన. తెల్ల పంచె కట్టి, సినిమాలో ఉన్నలాంటి తోలు చెప్పులు కుట్టించుకుని వచ్చాడు. మోకాళ్ళ కింద నున్నగా గీయించుకున్నాడు.

"మా హీరోగారి కాళ్ళకి ఎంట్రుకలుండవు బాబూ. మా ఆవిడ మూడ్రోజుల్నుంచి నవ్వుతానే ఉంది."

నాకు ముతక చొక్కా, పాత పంచె ఇచ్చారు. ఇస్త్రీ లేదు. కట్టుకున్నాను.

మొదటిసారి మోకాళ్ళు వంచి, నడుము నిటారుగానే ఉంచి, రెండు వేళ్ళతో చెప్పులు ఎత్తాను. ఆ అమ్మాయి కెమెరా వెనకనుంచి, "బాబుగారూ, సచ్చిన ఎలకని తీస్తన్నట్టుందండి," అంది. కొట్టాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "రెండు సేతుల్తో, కిందనుంచి పట్టుకున్నారండి ఆయన. సూసేం కదా."

రెండోసారి వంగాను. నా చేతులు దగ్గరకి రాగానే ఎదురుగా కాళ్ళు గబుక్కున వెనక్కి పోయాయి.

"నా వల్ల కాదు బాబూ. మా నాయిన సూస్తే సంపేస్తాడు."

"మీ నాన్న పోయి ఎన్నేళ్ళయింది?"

"అయితే మాత్రం."

"ఆ కాళ్ళు నీవి కావు," అన్నాను. "మీ హీరోగారివి. అక్కడే ఉంచు."

హీరోగారి మాట ఎత్తాక అతను కదల్లేదు. మూడోసారి నడుము వంచాను. పెద్దయ్యాక ఎవరి ముందూ అలా వంగలేదు నేను. తోలు కాలుతోంది. రెండు చేతులతో పట్టుకుని ఆ కాళ్ళ ముందు పెట్టాను. "తొడుక్కోండి బాబూ, రాళ్ళు కాలతన్నాయి," అన్నాను. ఆ మాట అన్నయ్య గొంతులో వస్తుందేమోనని ఎక్కడో ఆశపడ్డాను. నాన్నగారి గొంతులో వచ్చింది.

కట్ అన్నాక వెంటనే లేవలేకపోయాను. కొట్టాయన నా చంకల కింద చేతులు వేసి లేపాడు. నడుం పట్టేసిందన్నాను. వాళ్ళు నమ్మారు, లేదా నమ్మినట్టు ఊరుకున్నారు.

ఆ వారం స్టూడియోలో ముక్క అతికింది. కంప్యూటరులో అతుక్కి చప్పుడుండదు. హీరో చెప్పులు విడిచాడు, ముసలి చేతులు వాటిని కాళ్ళ ముందు పెట్టాయి, హీరో వాకిట్లోకి నడిచాడు. కొట్టాయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంక ఎవడేటంటాడో సూద్దాం," అన్నాడు. సన్నివేశానికి ముందు వెయ్యవలసిన కార్డు ఆ అమ్మాయి టైపు చేస్తోంది. కంపెనీవారు తొలగించిన సన్నివేశం అని కొట్టి, అన్నయ్య పేరు అడిగింది. చెప్పాను. ఆ రెండు వరుసలూ తెర మీద ఒకదాని కింద ఒకటి కనిపించాయి.

"పై మాట తీసెయ్యమ్మా," అన్నాను. "కంపెనీవాళ్ళు కాదు. మా నాన్నగారు చెప్పారు, నేను కోశాను."

కొట్టాయన తెర మీది ఆ వరుసలు మళ్ళీ చదువుకున్నాడు. తరవాత, "పెదబాబుకి తెలుసా?" అని అడిగాడు.

"తెలీదు. కంపెనీవాళ్ళు తీసేశారా అంటే అయ్యుంటుందన్నాను."

"అనకాపల్లిలో ఆడిందే కద బాబూ," అన్నాడు మెల్లగా. "బస్సెక్కితే గంట."

అంతవరకూ ఆ మాట నా తలలో తప్ప ఎక్కడా వినబడలేదు. ఇంకొకరి నోట విన్నప్పుడు ఎంత చిన్న మాటో తెలిసింది. ఆ అమ్మాయి పై వరుస చెరిపేసింది. ఏం రాయమంటారని మాత్రం అడిగింది. చోడవరం హాలులో ఈ సన్నివేశాన్ని కోసినవాడు నటుడి తమ్ముడు అని రాయమన్నాను. అలాగే రాసింది.

సినిమా నెట్‌లో పెట్టిన పది రోజులకి కొట్టాయన ఫోను చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆ తొందరలో చెప్పులు కింద విడవడం మర్చిపోయాడు. నేను కూర్చోమనకుండానే ఎదురు కుర్చీలో కూర్చుని, "ఇది ఇనండి," అని చదివాడు. ఎవరో అనకాపల్లి పెద్దాయన రాసింది.

"మా ఊళ్ళో ఈ సినిమా అప్పట్లో నాలుగుసార్లు చూశాను. మీరు కొత్తగా తీసింది బాగుంది గాని, ఒకటి తప్పింది. ఆ పనివాడు చెప్పులు పెట్టేముందు తన పంచె చెంగుతో వాటి లోపలి ఇసక తుడిచి పెడతాడు. అక్కడ హాలంతా చప్పట్లు కొట్టేవాళ్ళం. హీరో కోసం కాదు, వాడి కోసమే. ఎవరో గాని చాలా బాగా చేశాడు. తరవాత ఎందులోనూ కనబడలేదు. ఇన్నాళ్ళకి పేరు తెలిసింది."

మళ్ళీ చదవమన్నాను. చదివాడు.

తుడవడం నాకు గుర్తు లేదు. బాల్కనీలో నేను చూసింది నాన్నగారి మెడ. పెరట్లో అన్నయ్య చేసి చూపించినప్పుడు తుడిచే ఉంటాడు. నా కాళ్ళ దగ్గరే వంగాడు కదా, నేను చూడలేదు.

"ఏటని రాయమంటారు బాబూ?" అని అడిగాడు కొట్టాయన.

"ధన్యవాదాలు రాయి. అతను పోయి ఎనిమిదేళ్ళయిందని రాయి."

అతను బొటనవేలితో ఒక్కో అక్షరం నొక్కుతూ రాశాడు. ఆగి, తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ సప్పట్లు ఆయన ఇన్నారా అని అడుగుతారు బాబూ."

"వినలేదని రాయి," అన్నాను.